సార్ పోయారు: ఇప్పుడు శిష్యులు చేయాల్సిన పనులు

మనకి యూనివర్సిటీలో పాఠం చెప్పిన ప్రొఫెసర్ సార్ పోయారన్న కబురు తెలిసిన సాయంత్రానికే వాట్సాప్‌లో ఒక గ్రూపు పుడుతుంది. డీపీలో సార్ ఫొటో, కింద వరసగా దండం బొమ్మలు. మూడో రోజున ఒకరు విగ్రహం అంటారు, ఇంకొకరు సెమినార్ హాలుకి సార్ పేరు పెట్టిద్దాం అంటారు, అందరూ సరే సరే అంటారు. నెల తిరిగేసరికి అందులో గుడ్ మార్నింగ్ మెసేజ్‌లూ, రిటైరైనవాళ్ల మనవళ్ల పుట్టినరోజు ఫొటోలూ మిగులుతాయి.

ఆ గ్రూపులో ఉంటూ నిజంగా ఏదైనా చేద్దామనుకునే ఇద్దరు ముగ్గురి కోసం ఇది రాస్తున్నాను. నా లెక్క ఒకటే. విగ్రహం, శిలాఫలకం పదేళ్ల తర్వాతైనా పెట్టుకోవచ్చు. సార్ పాఠం ఎలా చెప్పేవారో చెప్పగలిగిన పెద్దవాళ్లు, ఆయన ఎర్ర ఇంకుతో దిద్దిన కాగితాలు, ఆయన గొంతున్న క్యాసెట్లు మాత్రం ఏడాది రెండేళ్లలో తలోదిక్కూ అయిపోతాయి. త్వరగా పోయేవాటిని ముందు పట్టుకోండి. కింద చెప్పిన వరస ఆ లెక్క ప్రకారమే.

మొదటి రెండు వారాలు

ఇంటికి దండుగా వెళ్లకండి. మేడమ్ గారికీ పిల్లలకూ ముందే పరిచయమున్న ఇద్దరు చాలు. వాళ్లలో ఒకరికి యూనివర్సిటీ ఆఫీసు వ్యవహారాలు తెలిసుంటే మరీ మంచిది. ఆ ఇంట్లో ఇప్పుడు ఓదార్చేవాళ్లకు కొదవ ఉండదు, ఫారాలు నింపిపెట్టే మనిషే దొరకడు. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. సర్టిఫికెట్ కాపీలు ఒకేసారి ఎక్కువ తీసుకోండి, బ్యాంకు నుంచి గ్యాస్ ఏజెన్సీ దాకా అందరూ అడుగుతారు. సార్ రిటైరై ఉంటే ఫ్యామిలీ పెన్షన్‌కి పీపీఓ (పెన్షన్ పేమెంట్ ఆర్డర్) కాగితం కావాలి. అది సార్ బీరువాలో ఏ ఫైల్లో ఉందో మేడమ్ గారికి తెలియకపోతే పెన్షన్ సెక్షన్‌లో నంబరు కనుక్కోవచ్చు. అక్కడికి ఆవిడని ఒంటరిగా పంపకండి.

కర్మకాండ సంగతి పూర్తిగా ఇంటివాళ్లది. పెద్దకర్మ చేస్తారా, చర్చిలో ప్రార్థన పెడతారా, సార్ కోరిక ప్రకారం దేహాన్ని మెడికల్ కాలేజీకి ఇస్తారా అన్నదాంట్లో శిష్యులు తలదూర్చకూడదు. "సార్ నాస్తికుడు కదా, ఇదేంటి?" అని పెద్దకర్మ భోజనాల దగ్గర వాదన పెట్టేవాడు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు. వాణ్ని వడ్డనకు పెట్టండి.

పత్రికలకు నోట్ ఇచ్చేటప్పుడు వయసు, సొంతూరు, చదివిన చోట్లు, పనిచేసిన సంవత్సరాలు ఇంటివాళ్లతో ఒకసారి సరిచూసుకోండి. ఆ రోజు పేపర్లో తప్పు పడితే రేపు మనం వేసే సంస్మరణ సంచికలోనూ, ఎల్లుండి వికీపీడియాలోనూ అదే తప్పు తిరుగుతుంది. సర్టిఫికెట్‌లో ఉన్న పుట్టిన తేదీ, అసలు పుట్టిన తేదీ వేరువేరుగా ఉండటం మన పాత తరంలో మామూలే. రెండూ రాసి పెట్టుకోండి.

గైడ్ పోయిన స్కాలర్లు

సంతాప సభ తేదీ కంటే ముందు ఈ పని చూడాలి. సార్ సర్వీసులో ఉండగా పోతే ఆయన గైడ్‌గా (పరిశోధన పర్యవేక్షకుడిగా) పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలు దిక్కు తోచని స్థితిలో ఉంటారు. 2022 నాటి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి 8 మంది దాకా ఉండొచ్చు. వాళ్లకి కొత్త గైడ్ కావాలి. ఫెలోషిప్ కాగితాల మీద సంతకం పెట్టేవాళ్లు లేకపోతే డబ్బు ఆగిపోతుంది. హాస్టల్ పిల్లల టెన్షన్ ఊహించుకోవచ్చు. గైడ్ మార్పు అర్జీ డిపార్ట్‌మెంట్ రీసెర్చ్ కమిటీ ముందుకి తొందరగా వెళ్లేలా సీనియర్లు పట్టించుకోవాలి. సార్ పాత శిష్యుల్లో గైడ్‌షిప్ ఉన్నవాళ్లు అదే యూనివర్సిటీలో ఉంటే, ఒకరిద్దరిని తీసుకోమని వాళ్లని నేరుగా అడగండి. మొహమాటం వద్దు.

ఉద్యోగాలకి అప్లై చేస్తున్న శిష్యులు రెఫరీగా సార్ పేరే ఇచ్చి ఉంటారు. ఆ జాబితా రాబట్టి, వాళ్ల పని తెలిసిన ఇంకో ఆచార్యుల చేత ఉత్తరాలు రాయించండి. సగం రాసిన పేపర్లు ఉంటే సహరచయిత ఎడిటర్‌కి విషయం తెలియజేయాలి. చనిపోయిన రచయిత పేరు పక్కన గుర్తు పెట్టి కింద ఒక వాక్యం వేయడం పత్రికల్లో ఉన్న పద్ధతే. సార్ కంట పడని పేపర్‌కి మాత్రం భక్తి కొద్దీ ఆయన పేరు తగిలించకండి. రేపు ఎవరైనా అందులో తప్పు చూపిస్తే జవాబు చెప్పడానికి ఆయన లేరు.

సంస్మరణ సభ

నెల, నెలన్నర తర్వాత ఒక ఆదివారం పొద్దున పెట్టుకోండి. సార్ పాఠం చెప్పిన గదో, డిపార్ట్‌మెంట్ సెమినార్ హాలో దొరికితే అంతకన్నా మంచి చోటు లేదు. దొరక్కపోతే హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, విజయవాడలో ఎం.బి. విజ్ఞాన కేంద్రం, విశాఖలో పౌర గ్రంథాలయం ఇలాంటి సభలకి అలవాటైన చోట్లు. ఖర్చు ఒక్కరి యూపీఐకే వచ్చేలా చూసి, లెక్క ఆ రాత్రే గ్రూపులో పెట్టేయండి. డబ్బు దగ్గర ఆలస్యమైతే శిష్యబృందం రెండు ముఠాలవుతుంది.

మన సభల జబ్బు అందరికీ తెలిసిందే. వేదిక మీద పన్నెండు మంది, ఒక్కొక్కరికీ శాలువా, అధ్యక్షుల వారి తొలిపలుకులు ముప్పావుగంట. మైకు పట్టుకున్నవాళ్లు "సార్‌తో నా అనుబంధం" అని మొదలుపెట్టి తమ సొంత ఉద్యోగ చరిత్ర చెప్పి దిగిపోతారు. అందుకని వేదికే తీసేయండి. ఎనిమిది మంది మాట్లాడేవాళ్లని ఎంచుకుని, తలా ఏడు నిమిషాలు ఇస్తే గంటలో అయిపోతుంది. ఇంటివాళ్లు మాట్లాడతామంటే వాళ్లకి ఎంతసేపైనా. వైస్ ఛాన్సలర్ గారిని పిలవక తప్పకపోతే మొదటే మాట్లాడించి, కాఫీ ఇచ్చి, గౌరవంగా సాగనంపండి.

ఎనిమిది మందికీ ఎనిమిది వేరే పనులు చెప్పండి. ఒకరు క్లాసు గురించి, ఒకరు ల్యాబ్ లేదా ఫీల్డ్‌వర్క్ గురించి, ఒకరు సార్ ఇంటి వరండా గురించి, ఒకరు ఆయన కోపం గురించి, ఒకరు ఆయన చేసిన పరిశోధన గురించి ఆ సబ్జెక్ట్ తెలియనివాళ్లకి అర్థమయ్యేలా. ఈ చివరిది ఎవరూ చేయరు. నలభై ఏళ్లు ఒక మనిషి దేని మీద పనిచేశాడో ఆయన భార్యాపిల్లలు కూడా వినకుండానే చాలా సభలు ముగుస్తాయి.

టీచింగ్‌లో లేనివాళ్లని ఇద్దర్నైనా తప్పక పిలవండి: ఆఫీసు గుమాస్తా, థీసిస్‌లు టైప్ చేసిన డీటీపీ ఆయన, ల్యాబ్ అసిస్టెంట్, క్యాంటీన్ వాళ్లు. ఒక సభలో అటెండర్‌గా రిటైరైన పెద్దాయన్ని మాట్లాడమన్నారు. "సారు బోర్డు తుడవకుండా క్లాసులోంచి బయటికి రారండీ. నేను తుడుస్తా గదా సార్ అంటే, రాసింది నేనేగా అనేవోరు. డస్టర్ లేకపోతే జేబురుమాలే. మేడమ్ గారు ఎన్నిసార్లు తిట్టారో" అన్నాడు. ముందు వరసలో కూర్చున్న మేడమ్ గారు ఆ రోజు మొదటిసారి నవ్వారు.

సార్ గొంతు ఒక మూడు నిమిషాలు వినిపించండి. పాత రేడియో ప్రసంగమో, వైవా (పీహెచ్‌డీ మౌఖిక పరీక్ష) రోజున ఎవరో ఫోన్లో తీసిన వీడియోనో సరిపోతుంది. హాల్లో స్పీకర్‌కి కలిపి ముందే ఒకసారి విని చూసుకోండి. సభ మొత్తం ఆడియో రికార్డు చేయండి. మాట్లాడేవాళ్లకి ఆ మాట ముందే చెప్పండి. తర్వాత సంచికకి సగం సరుకు ఇందులోంచే వస్తుంది.

జ్ఞాపకాలు రాబట్టడం

కాస్త ఓపిక కావాల్సిన పని ఇదే. "సార్ గురించి ఒక వ్యాసం పంపండి" అని అడిగితే ఏం వస్తుందో ఇప్పుడే చెప్పగలను. మహోన్నత వ్యక్తిత్వం, నిగర్వి, మృదుభాషి, శిష్యులను కన్నబిడ్డల్లా చూసుకునేవారు, వారు లేని లోటు తీర్చలేనిది. ఇందులో అబద్ధం ఉండకపోవచ్చు. కానీ సార్ పేరు తీసేసి పక్క డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్ పేరు పెట్టి చదవండి. ఆయనకీ సరిపోతే ఆ వ్యాసం వెనక్కి పంపాల్సిందే.

వ్యాసం అడగకండి, ప్రశ్నలు పంపండి. ఒక్కొక్కరికి నాలుగైదు చాలు. మీ మొదటి డ్రాఫ్ట్ మీద సార్ రాసిన మొదటి వ్యాఖ్య ఏంటి? వైవాలో ఏ ప్రశ్నకి మీరు తడబడ్డారు, అప్పుడు సార్ ఏమన్నారు? క్లాసులో ఆయనకి జవాబు తెలియని ప్రశ్న ఎవరైనా అడిగితే ఏం చేసేవారు? మీకు ఇచ్చిన పుస్తకం ఏది, తిరిగి ఇచ్చారా? ఇంటికి వెళ్తే ఏం పెట్టేవారు? మీ మీద ఎప్పుడు కోప్పడ్డారు, న్యాయంగానా? ఒక అభిప్రాయం మార్చుకున్నారని మీకు తెలిసిన సందర్భం ఉందా? ఆయన దగ్గర నేర్చుకుని ఇప్పుడు మీ క్లాసులో మీరు చేస్తున్నది ఏంటి?

"సార్ చాలా క్రమశిక్షణ గలవారు" అని ఒకాయన రాశాడనుకోండి. ఫోన్ చేసి, అంటే ఏం చేసేవారండీ అని అడగండి. అప్పుడు బయటికొస్తుంది: పది గంటల క్లాసుకి పది దాటి ఒక్క నిమిషమైనా లోపలికి రానిచ్చేవారు కాదు, ఊరి నుంచి బస్సులో వచ్చే ఇద్దరికి మాత్రం మినహాయింపు, ఎందుకంటే ఆ బస్సు ఎన్నింటికి వస్తుందో కనుక్కోవడానికి సార్ స్వయంగా డిపోకి వెళ్లొచ్చారు. ఆ రెండో ముక్క కోసమే ఫోన్ చేయాలి. మొదటి వాక్యం కొట్టేసి దీన్ని ఉంచండి.

ఎవరిని ముందు అడగాలి? వయసు ప్రకారం పెద్దవాళ్లతో మొదలుపెట్టండి. సార్‌తో కలిసి చదువుకున్నవాళ్లు, తొలి కొలీగ్స్, అక్కచెల్లెళ్లు, సొంతూర్లో ఉన్న బాల్యమిత్రులు. మీ బ్యాచ్‌వాళ్లు ఎక్కడికీ పోరు, వాళ్లని వచ్చే ఏడాదైనా అడగొచ్చు. రాయడం కుదరనివాళ్లతో అరగంట మాట్లాడి రికార్డు చేసుకోండి. ఎత్తి రాసేటప్పుడు వాళ్ల మాటని పుస్తకభాషలోకి దిద్దకండి. శ్రీకాకుళం మనిషి శ్రీకాకుళంలా, పాలమూరు మనిషి పాలమూరులా మాట్లాడితేనే సార్ ఎలాంటివాళ్ల మధ్య మెలిగారో తెలుస్తుంది.

మంచితో పాటు మిగతాది కూడా రాయాలా అని అందరూ అడుగుతారు. కోపం, మొండితనం, డ్రాఫ్ట్ ఆరు నెలలు టేబుల్ మీద పెట్టుకుని కూర్చోవడం లాంటివి రాయండి. వాటిని దాచేస్తే ఆయన్ని తెలిసినవాళ్లు మిగతాది కూడా నమ్మరు. డిపార్ట్‌మెంట్ రాజకీయాలు, బతికున్నవాళ్ల మీద చాడీలు, ప్రమోషన్ తగాదాలు వద్దు. సార్ వల్ల నిజంగా నొచ్చుకుని దూరమైన శిష్యులు ఉంటే నాలుగు మంచి మాటలు రాయమని వాళ్లని వేధించకండి.

గది, కాగితాలు, కంప్యూటర్

డిపార్ట్‌మెంట్ గది ఎన్నాళ్లో ఖాళీగా ఉండదు. ఖాళీ చేయడానికి గడువు ఇవ్వమని హెచ్ఓడీకి (డిపార్ట్‌మెంట్ హెడ్‌కి) ఇంటివాళ్ల చేత ఒక ఉత్తరం పెట్టించండి. దేన్నీ కదిలించక ముందు అలమరలన్నీ అరలవారీగా ఫొటోలు తీయండి. ఏ పుస్తకం పక్కన ఏది పెట్టుకున్నారో, ఏ ఫైల్లో ఏది ఉందో ఒక్కసారి అట్టపెట్టెల్లోకి వెళ్లిపోతే ఇక ఎప్పటికీ తెలియదు.

సార్ సొంత కాగితాలన్నీ ఇంటివాళ్లవి, మీవి కావు. సార్ రచనల మీద కాపీరైట్ వారసులకి వెళ్తుంది, మన చట్టం ప్రకారం అది చనిపోయిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు ఉంటుంది. సార్ మీకు రాసిన ఉత్తరం కాగితంగా మీదే, అందులో రాతని అచ్చు వేయడానికి మాత్రం వారసుల అనుమతి కావాలి. "ఫలానా రచనలు అచ్చు వేయడానికి, ఇంటర్నెట్‌లో పెట్టడానికి సమ్మతిస్తున్నాం" అని ఒక పేజీ కాగితం మీద సంతకాలు తీసుకోండి. చనువుంది కదా అని వదిలేస్తే అన్నదమ్ముల మధ్య తేడాలొచ్చినప్పుడు పుస్తకం అక్కడే ఆగిపోతుంది.

జవాబు పత్రాలు, బయటి థీసిస్‌ల మీద రాసిన రహస్య నివేదికలు, సెలక్షన్ కమిటీ నోట్లు, విద్యార్థులు తమ కష్టాలు చెప్పుకుంటూ రాసిన ఉత్తరాలు కూడా ఆ గదిలో బయటపడతాయి. వాటిని చదవకండి, స్కాన్ చేయకండి. యూనివర్సిటీవి యూనివర్సిటీకి, మిగతావి ఇంటివాళ్లకి అప్పజెప్పండి.

పుస్తకాల విషయంలో లైబ్రరీకి ఇచ్చేద్దాం అనడం తేలిక. లైబ్రరీ వాళ్లు తమ దగ్గర ఉన్నవే మళ్లీ వస్తే ఏం చేస్తారు? ముందు జాబితా తయారుచేసి పంపండి, ఏవి తీసుకుంటారో, సార్ పేరుతో ముద్ర వేసి ఒకచోట ఉంచుతారో లేదో రాతపూర్వకంగా అడగండి. అరుదైన తెలుగు పుస్తకాలు, పాత పత్రికలు ఉంటే హైదరాబాద్‌లో 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1918 నాటి వేటపాలెం సారస్వత నికేతనం లాంటి చోట్లని అడిగి చూడండి, పరిశోధకులు వెతుక్కుంటూ వెళ్లే చోట్లు అవి. టెక్స్ట్‌బుక్కులు సార్ సొంతూరి డిగ్రీ కాలేజీకి ఇస్తేనే వాడకంలో ఉంటాయి. మార్జిన్లలో సార్ రాతలున్న పుస్తకాలు మాత్రం విడిగా తీసిపెట్టి, ఆ పేజీలు స్కాన్ చేయండి. మిగిలిన మామూలు పుస్తకాలు సభ రోజున ఒక బల్ల మీద పరిచి తలా ఒకటి తీసుకెళ్లమంటే సరి.

కంప్యూటర్ దగ్గర తొందర అవసరం. ల్యాప్‌టాప్ ఎవరో పిల్లాడి ఆన్‌లైన్ క్లాసులకి వెళ్లకముందే హార్డ్ డిస్క్ మొత్తం కాపీ తీసుకోండి. యూనివర్సిటీ మెయిల్ ఎప్పుడు మూసేస్తారో చెప్పలేం. గూగుల్ ఖాతా రెండేళ్లు ఎవరూ వాడకపోతే మెయిల్, డ్రైవ్, ఫొటోలతో సహా తీసేసే అధికారం ఆ సంస్థకి ఉంది. పాస్‌వర్డ్ ఊహించి లోపలికి వెళ్లడం పద్ధతి కాదు. చనిపోయినవాళ్ల ఖాతాలోని సమాచారం కోసం కుటుంబసభ్యులు దరఖాస్తు పెట్టుకునే దారి గూగుల్‌లోనే ఉంది, వాళ్లకి పక్కన కూర్చుని సాయం చేయండి. ఇంటికెళ్లి మీ సొంత ఖాతాలో ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ (మీరు వాడటం ఆపేస్తే ఖాతాలోవి ఎవరికి చేరాలో ముందే చెప్పే సౌకర్యం) కూడా పెట్టుకోండి.

తెలుగులో రాసిన సార్ అయితే ఇంకో చిక్కు. పాత ఫైళ్లు చాలావరకు పేజ్‌మేకర్ అనే పాత డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో, అను అనే పాత తెలుగు ఫాంట్లలో ఉంటాయి. కొత్త కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. పాడైపోయాయనుకుని పారేయకండి. ఆ పాత సాఫ్ట్‌వేర్ ఇంకా ఉన్న డీటీపీ సెంటర్‌కి తీసుకెళ్లి ముందు పీడీఎఫ్ చేయించండి, ఆ తర్వాత కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే ఇప్పటి కంప్యూటర్లన్నీ చదవగలిగే అక్షరాల్లోకి, మార్చుకోవచ్చు. ఒత్తులు, దీర్ఘాలు అక్కడక్కడ తప్పుపోతాయి కాబట్టి ప్రూఫ్ చూడక తప్పదు.

చేతిరాత కాగితాలు 300 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేయండి. ఫోన్‌తో తీసినా ఫరవాలేదు, వెలుతురు సమంగా ఉండాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. బూజు పట్టిన క్యాసెట్‌ని ఏముందో చూద్దామని టేప్‌రికార్డర్లో పెట్టకండి, ఆ పని తెలిసినవాళ్లకే ఇవ్వండి. గ్రూప్ ఫొటోల వెనక ఎడమ నుంచి ఎవరెవరో ఇప్పుడే రాయించండి. నిలబడ్డ వరసలో చివరి మనిషి ఎవరో చెప్పగలిగినవాళ్లు ఇంకో పదేళ్లకి ఉండకపోవచ్చు.

శిష్యుల పట్టిక, వికీపీడియా

సార్ దగ్గర ఎంఫిల్, పీహెచ్‌డీ చేసినవాళ్లందరి పట్టిక ఒకటి తయారుచేయండి: పేరు, సంవత్సరం, థీసిస్ శీర్షిక. ఆ థీసిస్‌లు శోధ్‌గంగలో (మన యూనివర్సిటీల థీసిస్‌లని ఉంచే వెబ్‌సైటు) ఉన్నాయో లేదో చూడండి. పాతవి చాలావరకు ఉండవు, యూనివర్సిటీ లైబ్రరీ ద్వారా ఎక్కించమని అడగొచ్చు.

గణితం, స్టాటిస్టిక్స్‌వాళ్లకి ఈ పట్టిక పెట్టుకోవడానికి మంచి చోటే ఉంది. అమెరికాలో నార్త్ డకోటా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు నడిపే మ్యాథమెటిక్స్ జీనియాలజీ ప్రాజెక్టులో ఎవరికి ఎవరు గైడో తరతరాలుగా చూడొచ్చు. మన ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు 2023 ఆగస్టులో పోయారు. ఆయన కేంబ్రిడ్జిలో, స్టాటిస్టిక్స్‌కి పునాదులు వేసిన ఆర్.ఎ. ఫిషర్ శిష్యుడు. కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసిన ఎస్.ఆర్.ఎస్. వరదన్‌కి 2007లో గణితంలో పెద్ద బహుమతైన ఆబెల్ ప్రైజ్ వచ్చింది. సార్ మరీ అంత పెద్దవారు కానక్కర్లేదు. జిల్లా కాలేజీల్లో పాఠాలు చెబుతున్న ఆయన శిష్యుల పేర్లు కూడా అదే పట్టికలో అదే సైజు అక్షరాల్లో ఉంటాయి. సమాచారం పంపితే వాళ్లు చేర్చుకుంటారు.

వికీపీడియా దగ్గర ఉత్సాహం కాస్త తగ్గించుకోండి. తెలుగు వికీపీడియా 2003 నుంచి ఉంది, దానికి దాని నియమాలున్నాయి. అది సంస్మరణ వేదిక కాదని వాళ్లే స్పష్టంగా చెబుతారు. సార్ గురించి ఆయనతో సంబంధం లేనివాళ్లు పత్రికల్లో, పుస్తకాల్లో రాసిన ఆధారాలు ఉండాలి. ముందు ఆ కత్తిరింపులు పోగేయండి. శిష్యులు రాస్తున్నారంటే ఆ మాట చర్చ పేజీలో చెప్పేయడం మర్యాద. ఆచార్యవర్యులు, ప్రాతఃస్మరణీయులు లాంటివి పెడితే ఎలాగూ కొట్టేస్తారు. ఫొటో మీద హక్కు తీసినవాళ్లది కాబట్టి, మీలో ఎవరో స్వయంగా తీసినదాన్నే వాళ్ల చేత వికీమీడియా కామన్స్‌లో (వికీపీడియా వాడే ఉచిత ఫొటోల ఖజానా) పెట్టించండి.

సంచిక

ఎడిటర్లు ఇద్దరు చాలు. పదకొండు మంది సంపాదకవర్గం ఉన్న సంచికలు పదకొండు మంది పేర్లతో ఆలస్యంగా వస్తాయి. పుస్తకంలో సగమైనా సార్ సొంత రచన ఉండాలన్నది నా పట్టు: అచ్చు కాని ఉపన్యాసాలు, మూతబడిన పత్రికల్లో వచ్చిన వ్యాసాలు, ఒక క్లాసు నోట్స్. శిష్యుల జ్ఞాపకాలు మిగతా సగం. చివర సార్ రచనలన్నిటి పూర్తి జాబితా, సంవత్సరాలతో. పదేళ్ల తర్వాత ఎవరైనా ఆ పుస్తకం తెరిచేది ఎక్కువగా ఆ పేజీల కోసమే.

డెమ్మీ (మామూలు పుస్తకం) సైజులో ఫారానికి, అంటే అచ్చులో ఒక పెద్ద షీటుకి, 16 పేజీలు. 200 పేజీలంటే పన్నెండున్నర ఫారాలు, అందుకని 192కో 208కో సర్దుకోండి. ఐఎస్‌బీఎన్‌కి (పుస్తకానికి వేసే గుర్తింపు నంబరు) డబ్బు కట్టక్కర్లేదు, రాజా రామమోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే ఉచితంగా ఇస్తారు. అచ్చయ్యాక కలకత్తా నేషనల్ లైబ్రరీకి ఒక కాపీ పంపాలని చట్టమే ఉంది. కొన్నాళ్లకి పీడీఎఫ్‌ని ఇంటివాళ్ల అనుమతితో ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో పెట్టేస్తే కాపీలు ఎన్ని వేశామన్న బెంగ ఉండదు.

డబ్బు, బహుమతి

గోల్డ్ మెడల్ పెడదాం అనేవాళ్లు ఒక లెక్క చూసుకోవాలి. యూనివర్సిటీలో ధర్మనిధి (అసలు కదపకుండా వడ్డీ మాత్రమే వాడే నిధి) కింద 3 లక్షలు కడితే, 6.5 శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి వచ్చేది 19,500 రూపాయలు. ఈ రోజుల్లో దాంతో ఏ పాటి బంగారం వస్తుంది? పూత పూసిన బిళ్ల ఇస్తారు, అదీ యూనివర్సిటీలో టాపర్‌కి, అంటే ఎలాగూ నాలుగు మెడల్స్ అందుకోబోయే పిల్లకే. అదే డబ్బు ఫీల్డ్‌వర్క్‌కి వెళ్లే స్కాలర్ బస్సు ఛార్జీలకో, థీసిస్ ప్రింటింగ్, బైండింగ్ ఖర్చుకో ఇస్తే పని నడుస్తుంది. సార్ బతికుండగా ఎవరికీ తెలియకుండా ఎవరెవరి పరీక్ష ఫీజులు కట్టేవారో కనుక్కోండి, అదే పని ఆయన పేరుతో కొనసాగించడం అన్నిటికన్నా తేలిక.

యూనివర్సిటీతో రాసుకునే కాగితంలో ఎవరికి ఇవ్వాలి, ఎవరు ఎంపిక చేయాలి, ఆ కోర్సు ఎత్తేస్తే డబ్బు దేనికి వాడాలి అన్న మూడూ ఉండేలా చూడండి. అమెరికాలో ఉన్న శిష్యులు పెద్ద మొత్తం పంపుతామంటారు, మంచిదే. కానీ అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇచ్చేది చట్టం దృష్టిలో విదేశీ విరాళం. దాన్ని తీసుకునే సంస్థకి మామూలుగా ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో ఉండాలి. ఇంకా మన పాస్‌పోర్టుతోనే ఉన్నవాళ్లు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది ఆ లెక్కలోకి రాదు. ఆవేశంలో సొంతంగా ట్రస్టు పెట్టకండి. ఏటా ఆడిటింగ్, రిటర్నులు, మీటింగ్ మినిట్స్ ఎవరు చూస్తారు? అయినా పెట్టాలనుకుంటే ముందు ఒక ఆడిటర్‌తో గంట కూర్చోండి.

ఏటా ఒక రోజు

వర్ధంతి కంటే జయంతి మేలని నాకనిపిస్తుంది. వర్ధంతి రోజు ఇంట్లోవాళ్లకి వాళ్ల కార్యక్రమాలుంటాయి, వాళ్ల దుఃఖం ఉంటుంది. మనం ఉపాధ్యాయులని తలుచుకునే రోజులూ పుట్టినరోజులే. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి సెప్టెంబరు 5ని 1962 నుంచి టీచర్స్ డేగా జరుపుకుంటున్నాం. పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం అయింది.

ఆ రోజు ఒకే ఒక్క ఉపన్యాసం పెట్టండి. విషయం సార్ జీవితం కాకూడదు, సార్ చేసిన సబ్జెక్ట్ కావాలి. ఆయన తేల్చకుండా వదిలిన ప్రశ్న మీద ఇప్పుడు ఎవరు పనిచేస్తున్నారో వాళ్లని పిలవండి, సార్‌ని ఎప్పుడూ చూడని కుర్రవాళ్లైతే ఇంకా మంచిది. వాళ్లు సార్ సిద్ధాంతం తప్పని చెబితే అడ్డుపడకండి. ప్రశ్నలకి అరగంట ఉంచండి, ముందు వరసలో పెద్దవాళ్లు దాన్ని తినేయకుండా విద్యార్థులతో మొదలుపెట్టించండి.

స్కాన్లు, రికార్డింగులు, అనుమతి కాగితాలు, శిష్యుల పట్టిక అన్నీ ఒక డ్రైవ్‌లోనూ, ఒక హార్డ్ డిస్క్‌లోనూ రెండు ఊళ్లలో ఉంచండి. తాళం ఇద్దరి దగ్గర ఉండాలి, వాళ్లలో ఒకరు ముప్పై ఏళ్ల లోపువాళ్లై ఉండాలి. ఏటా ఆ ఉపన్యాసానికి ముందు రోజు ఇద్దరూ కూర్చుని ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూసి, కొత్తగా వచ్చినవి చేర్చి, ఒక కాపీ సార్ ఇంట్లో ఇచ్చి రండి.